దువ్వెన తప్పుకుంటే

అమ్మకి,

నీ అమ్మడు రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ లెక్కలో బాగుండటమంటే ఒంట్లో జ్వరం లేకపోవడం, కడుపులో ఏదో ఒకటి పడటం కాబట్టి, ఆ రెండింటికీ లోటు లేదు. అక్కడ నువ్వూ నాన్నా మాట్లాడుకోకపోయినా ఎవరి మటుకు వాళ్ళు కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. వార్డులో కేసు షీటు రాసినట్టే రాశావు, ముఖ్యమైనవాటి కింద రెండేసి గీతలు. ‘పన్ను’ కింద రెండు గీతలు. ‘తప్పుకోవాలా, వద్దా’ కింద కూడా రెండే. నా పన్నూ నీ ఎన్నికా ఒకటేనా అమ్మా? సరే, చిన్నదాని సంగతి ముందు తేల్చేస్తాను. పన్ను పీకించేశాను. డాక్టరు పీకకముందు నొప్పే ఉండదన్నాడు, పీకాక కొంచెం ఉంటుందన్నాడు. నాలుక రోజంతా ఆ ఖాళీ దగ్గరికే పోతోంది, అక్కడ పనేమీ లేకపోయినా.

గది మారావా అని అడిగావు. మారలేదు. కిటికీకి ఎదురుగా ఇస్త్రీ దుకాణం వెనక గోడ. పొద్దున్నే గొట్టంలోంచి ఆవిరి ఇటే కొడుతుంది. నేను ఉతికి ఆరేసినవి ఆరకపోగా ఇంకాస్త నానతాయి. పై వాటాలో ఎవరో కుర్చీ ఈ మూల నుంచి ఆ మూలకి ఈడుస్తూ ఉంటారు. ఏ మూలా నచ్చదు కాబోలు. ఆ మనిషిని చూడలేదుగానీ నాకు చుట్టమనిపిస్తుంది. నేనూ అంతేగా, ఒకచోట కుదురుగా కూర్చోలేనని చిన్నప్పుడు నువ్వు నా జడ కుర్చీకి కట్టేసేదానివి.

ఫోన్లో అడగలేక ఉత్తరం రాశానన్నావు. ఇంటినిండా జనమని, వంటింట్లో పొయ్యి మీద పోస్టర్ల కోసం మైదా జిగురు ఉడుకుతోందని, మాట పెదవి దాటితే వీధిలో ఉంటుందని. నిజమే. అదీగాక నువ్వు అడిగింది ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే నేనూ కాగితమే తీశాను.

ఈసారి ఉపసంహరణ గడువు రాకముందే గుర్తులు పంచేసి, నీకు దువ్వెన ఇచ్చారని తెలిసిన రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. దువ్వెన పట్టుకుని ఇరవై ఏళ్ళయిన మనిషి ఇంటి తలుపు మీదే ఆ బొమ్మ అతికిస్తారా! నాన్న దాన్ని చించుతాడేమోనని మీ ఆయాలంతా కాపు కాశారట కదా. ఆయనేమో కాసేపు చూసి, బట్టతల ఒకసారి నిమురుకుని, కుట్టుమిషన్ల షాపుకి వెళ్ళిపోయాడని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. నామినేషన్ వేసినప్పటి నుంచి నీతో పలకని మనిషి, అన్నం తింటూ కూడా పేపరు అడ్డం పెట్టుకునే మనిషి, ‘మీ నాన్న ఓటు కూడా నాకు పడదే’ అని నువ్వు రాసిన మనిషి. ఆయన సంగతి కాసేపాగి చెబుతాను.

ఇప్పుడు లాయరు గారి సంగతి.

గొడుగు పార్టీ తరఫున ఆయన మనింటికొచ్చి, పోసిన టీ తాగకుండా, మన గోడ మీది కేలెండరే కిందికి దింపి దాని వెనక లెక్క వేశాడన్నావు. నూటికి నిచ్చెన పార్టీకి ముప్ఫై ఎనిమిది, గొడుగుకి ముప్ఫై నాలుగు, దువ్వెనకి ఏడు. ముప్ఫై నాలుగూ ఏడూ నలభై ఒకటి. “చూశారా సిస్టర్, ఎంత తేలికో! మీరు తప్పుకుంటే, మీ కాన్పుల వార్డు మూసేస్తామన్న నిచ్చెనవాళ్ళు ఓడిపోతారు, వార్డు దక్కుతుంది. తప్పుకోకపోతే రేపు తాళం వేసిన ఆ వార్డు ముందు నిలబడి అందరూ మీ పేరే చెప్పుకుంటారు.” నువ్వు ఊరుకునే రకం కాదుగా: “నా చేతుల్లో కాన్పయినవాళ్ళు గొర్రెలా లాయరు గారూ, మీ గొడుగు కిందికి తోలడానికి?” అన్నావట. చదివి చప్పట్లు కొట్టాను. కానీ ఆయన వెళ్ళాక నీకు నిద్ర పట్టలేదనీ రాశావు. ఆ మాట కింద గీతలు లేవు, అయినా నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది.

ఉత్తరం చివర రాసింది మళ్ళీ ఇక్కడ రాస్తాను, నువ్వు కాదనకుండా. “నువ్వు చేసే పనే ఇది. జనం ఎవరికి ఎందుకు ఓటేస్తారో లెక్కగట్టే చదువు చదివావు. నేను తప్పుకుంటే నా ఓట్లు ఎటు పోతాయో నువ్వు చెప్పు. ఉండమంటే ఉంటాను, తప్పుకోమంటే తప్పుకుంటాను. ఆపైన మాట్లాడను.”

అమ్మా, ఇంత బరువు నా నెత్తిన పెట్టేముందు ఒక్కసారి ఆలోచించాల్సింది.

ముందు ఒక సంగతి తెలుసుకో. మా ఆఫీసు సర్వే పట్టికలో నువ్వు లేవు. మన నియోజకవర్గంలో ఉన్నది ఆరుగురు. నిచ్చెన, గొడుగు, పడవ అని మూడు పార్టీలు. ఆ తర్వాత నువ్వు, ఎన్నికలు ఎప్పుడొచ్చినా నిలబడే ఆ రిటైర్డు పోస్టుమాస్టరు, ఊరి పేరు మార్చాలని తిరిగే ఇంకొకాయన. మా దగ్గర పార్టీ లేనివాళ్ళందరికీ కలిపి ఒకటే గడి, దాని పేరు ‘ఇతరులు’. ముప్ఫై ఏళ్ళు పురుళ్ళు పోసిన నువ్వూ, ఊరి పేరు మార్చే ఆయనా అక్కడ ఒకే మనిషి.

నీ ఉత్తరం రాగానే మా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మేమంతా ఆయన్ని దశాంశం గారంటాం, వెనకాల. ఆయనకి ఏదైనా ఒక్క దశాంశంతో చెప్పాలి. క్యాంటీన్‌లో భోజనం ఎలా ఉందంటే కూడా “ఆరు పాయింట్ రెండు” అంటాడు.

“సర్, ఈ నియోజకవర్గంలో దువ్వెనని విడిగా పెడదాం.”

“ఎంతమంది ఉన్నారమ్మా మన సర్వేలో, దువ్వెనకి?”

“ముప్ఫై మంది చిల్లర సర్.”

“ప్రతి దువ్వెనకీ ఒక వరస తెరిస్తే ఇది పట్టిక కాదు, సవరం అవుతుంది.”

ఆయన జోకు వేశాక నవ్వే దాకా చూస్తాడు. నవ్వాను. నవ్వితే ఒప్పుకుంటాడు, అదొక్కటీ ఆయనలో మంచి గుణం. “సరే, నీ సరదాకి ఒకసారి చేసుకో. రిపోర్టులోకి మాత్రం రానీకు” అన్నాడు.

పక్క సీటావిడ కూడా ఒక మాటంది. ఆవిడ ఏసీకి భయపడి ఎండాకాలంలో కూడా స్వెటరుతోనే ఉంటుంది, అందుకే స్వెటరమ్మ. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. “ఏ మోడల్ పెడుతున్నావే?” అంది, ఓట్లు ఎటు పోతాయో లెక్కవేసే పద్ధతి అన్నమాట. ఇంకా తేల్చుకోలేదన్నాను. “మోడల్ ఎంచుకోవడమంటే సంబంధం చూడటమేనే అమ్మాయ్. అందగాడు కావాలా, ఆరింటికల్లా ఇంటికొచ్చేవాడు కావాలా?”

ఆరింటికి ఇంటికొచ్చేవాడి పేరు లాజిట్. మా ఆఫీసు కాపురమంతా వాడితోనే. వాడు ఎలా ఆలోచిస్తాడో నీ వార్డు భాషలో చెబుతాను. బీపీ చూపించుకోవడానికి వచ్చే గర్భిణీలు ముగ్గురు నర్సుల ముందు వరసల్లో కూర్చుంటారనుకో. నీ దగ్గర కొందరు. ఆ కసిరే హెడ్‌సిస్టర్ దగ్గర, అదే మీరంతా ఉరుము అనేవాళ్ళు, ఆవిడ దగ్గర చాలామంది, ఎందుకంటే ఆవిడ బల్ల గుమ్మానికి దగ్గర. కొత్తగా వచ్చిన మెతక పిల్ల దగ్గర ఏ నలుగురో. ఒకరోజు నువ్వు సెలవు పెట్టావు. నీ వరసలో వాళ్ళు ఎక్కడికి పోతారు? లాజిట్ అంటాడు: మిగతా ఇద్దరి దగ్గర ఇప్పటికే ఎంతెంత జనం ఉన్నారో ఆ పాళ్ళలోనే వీళ్ళూ పంచుకుపోతారు. అంటే ఎక్కువమంది ఉరుము దగ్గరికి. నీకు నవ్వొస్తోంది కదూ? తిట్లు పడలేకే నీ దగ్గరికొచ్చినవాళ్ళు నువ్వు లేవని పోయి తిట్లు తింటారా! ఆ మెతక పిల్ల దగ్గరే పోగవుతారు. ఎవరు ఎవరికి పోలికో లాజిట్‌కి తెలియదు. వాడికి అందరూ ఒకటే దూరం. నీ విషయంలో వాడిని అడిగితే, దువ్వెన తప్పుకుంటే ఆ ఓట్లు అందరికీ ఉన్న పాళ్ళలోనే పడతాయి, నిచ్చెనే గెలుస్తుంది, ఏ తేడా ఉండదు అన్నాడు. ఆరింటికి ముందే చెప్పేశాడు.

అందగాడి పేరు ప్రాబిట్. వాడు పోలికలు కూడా చూస్తానంటాడు. దువ్వెనా గొడుగూ ఒకే తరహా జనానికి నచ్చుతాయా, దువ్వెనా నిచ్చెనా నచ్చుతాయా అన్నది జనం చెప్పినదాన్ని బట్టి తనే పట్టుకుంటాడు. నీ ప్రశ్నకి సరిగ్గా కావలసినవాడు వాడే. కానీ కొత్తల్లుడు. కుర్చీ వేస్తే పీట ఏదంటాడు, పీట వేస్తే మీ మామయ్య ఏడీ అంటాడు. ముప్ఫై మంది వాడికి ఏ మూలకీ చాలరు. మొదటిసారి నడిపితే నీ ఓట్లన్నీ గొడుగుకి పోతాయన్నాడు, లాయరు గారు చెప్పినట్టే. మొదలుపెట్టే అంకెలు కాస్త మార్చి మళ్ళీ నడిపితే సగానికి పైగా నిచ్చెనకి అన్నాడు. మూడోసారి ఎటూ తేలక మిషనే ఆగిపోయింది. ప్రతిసారీ అంతే నమ్మకంగా చెబుతాడమ్మా, అది నాకు ఒళ్ళు మండే సంగతి. ఒకడికి నీ ప్రశ్నే అర్థం కాదు. ఇంకొకడికి ప్రశ్న అర్థమవుతుంది, జవాబు తెలియదు. అయిదేళ్ళు చదివి నేను సంపాదించిన ఇద్దరు చుట్టాలూ వీళ్ళే.

అప్పుడు అనిపించింది, ఊహించడం ఎందుకు, అడిగితే పోలా అని. దువ్వెన అన్నవాళ్ళనే, “ఆ అభ్యర్థి పోటీలో లేకపోతే ఎవరికి వేస్తారు?” అని. ఒకప్పుడు ఈ ప్రశ్న మా సర్వేలో ఉండేదట, ఫోను పెట్టేస్తున్నారని తీసేశారు. మళ్ళీ దశాంశం గారి దగ్గరికి. ఈసారి జోకు వేయకముందే నవ్వాను. మన నియోజకవర్గం వరకు ఆ ఒక్క ప్రశ్న కలపడానికి ఒప్పుకున్నాడు. ఫోన్లు చేసేది వేరే పిల్లలు. వాళ్ళ రికార్డింగులు విని, జవాబుని ఏ గడిలో వేయాలో వేయడం నా పని.

ఒక రికార్డింగులో ముందు వినిపించింది మిషను చప్పుడు. కుట్టుమిషను, ఉత్తినే, గుడ్డ లేకుండా తిప్పుతున్న చప్పుడు. బాగుచేశాక సరిగా తిరుగుతోందా అని చూసేవాళ్ళు తిప్పే తీరు. తర్వాత దగ్గు. ఆ దగ్గు విని నేను నిటారుగా కూర్చున్నాను.

ఇది నీకు చెప్పకూడదు. ఎవరు ఏం చెప్పారో బయట పెట్టనని చేరిన రోజునే సంతకం పెట్టాను. అయినా చెబుతున్నాను.

“ఎవరికి వేద్దామనుకుంటున్నారు సార్?”

“దువ్వెనకి.”

“ఎందుకో చెప్పగలరా?”

“మా ఇంట్లో మనిషమ్మా. వేయకపోతే ఎలా?”

“ఒకవేళ దువ్వెన అభ్యర్థి పోటీలో లేకపోతే ఎవరికి వేస్తారు?”

మిషను ఆగింది. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. మళ్ళీ ఒకసారి తిరిగింది.

“లేకపోతే ఇంకేముంది. ఆ పూట షాపు తెరుచుకుంటా.”

“అంటే ఓటుకి వెళ్ళరా సార్?”

“ఎవరి కోసం వెళ్ళమంటావు?” మళ్ళీ దగ్గు. “చూడమ్మాయ్, ఈ సంగతి మా ఆవిడకి చెప్పకండి. అసలే నా మీద కోపంగా ఉంది.”

ఆ పిల్ల కిసుక్కున నవ్వి, “మీ ఆవిడ ఎవరో మాకు తెలీదు సార్” అంది.

హెడ్‌ఫోన్స్ తీసి బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. వచ్చి ఆయన జవాబుని గడిలో వేశాను. మా పద్ధతిలో ‘ఓటుకి వెళ్ళను’ అన్నవాళ్ళని మోడల్‌లోకి పంపే ముందే తీసేస్తాం. మొదటి నుంచీ అంతే. ఓటు ఎవరికి అన్నది లెక్క, వెళ్ళనివాడితో పనేముంది అని. కాబట్టి నాన్నని నా చేత్తోనే తీసేశాను. ఒక మీట నొక్కితే చాలు.

తీశాక భయమేసి మిగతావాళ్ళ జవాబులు మొత్తం విన్నాను. దువ్వెన అన్నవాళ్ళలో సగం పైన అదే మాట, రకరకాలుగా. “ఆవిడ లేకపోతే నాకు పనుంది.” “ఆవిడ మొహం చూసి వేద్దామనుకున్నా, మిగతా మొహాలు మనకెందుకు.” ఒక ముసలావిడ అయితే “ఏం, ఆవిడకి ఒంట్లో బాగోలేదా?” అని ఎదురు అడిగింది, తర్వాత ఓటు మాటే ఎత్తలేదు. మిగిలినవాళ్ళు కొందరు గొడుక్కి, కొందరు నిచ్చెనకి, ఒకరిద్దరు పడవకి. లాయరు గారు కూడినట్టు ఏడుకి ఏడూ గొడుగు కిందికి నడిచి వచ్చే దారే లేదమ్మా. వాళ్ళు నీ ఓటర్లు కాబట్టి ఓటర్లు. నువ్వు లేకపోతే వాళ్ళు మామూలు జనం, ఎవరి పని వాళ్ళది.

ఇంట్లో ఉండిపోవడాన్ని కూడా ఒక అభ్యర్థిలా పెట్టి లెక్క వేద్దాం అన్నాను దశాంశం గారితో. “పోటీలోనే లేనివాడికి బొమ్మ గీయమంటావా?” అన్నాడు. నేనే గీసుకున్నాను. కంప్యూటర్లో మన ఎన్నిక వెయ్యిసార్లు జరిపించాను, నువ్వుండగా. మళ్ళీ వెయ్యిసార్లు, నువ్వు లేకుండా. గొడుగు గెలిచినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అవి నువ్వున్నప్పుడూ దాదాపు అన్నే, లేనప్పుడూ అన్నే. మిగతా అన్నిసార్లూ నిచ్చెనే. కాన్పుల వార్డుకి ఆ అన్నిసార్లూ తాళమే. నువ్వు గెలిచినది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. అన్నిసార్లు నువ్వు ఓడిపోవడం చూశానమ్మా, టీ తాగుతూ. ప్రసవాలకి గంటన్నర దూరం పట్నానికి పోతూ దారిలో, బస్సుల్లో ఏం జరుగుతుందో నువ్వు నాకు చిన్నప్పటి నుంచీ చెప్పినవన్నీ గుర్తున్నాయి. ఆ పట్టికలో అవి ఎక్కడా లేవు.

ఇదే నీకు జవాబు అనుకుంటున్నావేమో. కాదు. ముప్ఫై మంది మాట అది. దాన్ని దశాంశం గారు సర్వే అనడు, టీకొట్టు కబుర్లంటాడు. నేను కూడా పరీక్షలో అయితే ఒప్పుకోను. నా లోపల అదే నిజమని ఉంది, చేతిలో మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ పన్ను, ఆవిరి, అల్లుడు అంటూ దీని చుట్టూ తిరుగుతున్నాను. నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది.

మా ఆఫీసు సర్వే ఒక్కటే చేయదు. ఫలితాల మర్నాడు ఒక పత్రికకి విశ్లేషణ రాసిస్తుంది, నియోజకవర్గానికి ఒకటి, ఎవరు ఎందుకు గెలిచారని. ఫలితం వచ్చాక రాస్తే ఆలస్యమవుతుందని ముందే రాసిపెట్టుకుంటారు. ఇలా జరిగితే ఇది, అలా జరిగితే అది. చివరికి సరిపోయినది ఉంచి మిగతావి పారేస్తారు. మన నియోజకవర్గం నాకు ఇచ్చారు. “ఆ వైపు ఊళ్ళు నీకు తెలుసు కదా” అన్నాడు దశాంశం గారు. నువ్వు మా అమ్మవని ఆఫీసులో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. మొదట్లో, నన్ను ఆ పని నుంచి తప్పిస్తారని చెప్పలేదు. తర్వాత, చెప్పడానికి మొహం చెల్లక.

నిచ్చెన గెలిస్తే వేసే వ్యాసం మొదట నేను అనుకున్నట్టే రాశాను. ఓట్లు ఎటు పోయేవో చెప్పలేమని, దువ్వెన ఓటర్లలో చాలామంది అసలు వచ్చేవాళ్ళే కాదేమోనని. దశాంశం గారు చదివి పెన్ను తీశాడు.

“ఏమో, చెప్పలేం, కావచ్చు. ఇది విశ్లేషణా, జ్యోతిషమా? మోడల్ జోలికి పోకు. కూడిక రాయి. గెలిచినవాడికీ రెండోవాడికీ తేడా ఎంత, దువ్వెనకి వచ్చినవి ఎన్ని. ఇవి ఎక్కువుంటే కారణం అదే. చదివేవాడికి కూడిక అర్థమవుతుంది.”

“అది నిజం కాదు సర్.”

“నిజం కాదని నిరూపించగలవా?”

నిరూపించలేను. లాజిట్‌తో కాదు, ప్రాబిట్‌తో కాదు, తీసేసిన వాళ్ళతో అసలే కాదు. సీటుకి వచ్చి రాశాను. ఇదిగో ఆ వాక్యం: “కాన్పుల వార్డుని కాపాడతానంటూ బరిలోకి దిగిన దువ్వెన గుర్తు అభ్యర్థే, గొడుగు పార్టీ ఓట్లు చీల్చి ఆ వార్డు తలుపులు మూయించారు.”

మొదటిసారికే కుదిరింది. కొట్టివేతలు లేవు. రాసి చదువుకుంటే బాగుందనిపించింది, అది కూడా నీకు చెప్పాలి. స్వెటరమ్మ భుజం మీంచి చూసి “అబ్బ, కత్తిలా ఉందే” అంది. నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే. కానీ వేసింది.

కాబట్టి నీ ప్రశ్నకి లెక్కల మనిషిగా నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పినట్టు చేస్తానన్న నీ మాట ఇక చెల్లదు, నిన్ను దాని నుంచి వదిలేస్తున్నాను. ఆ మాట ఇచ్చినప్పుడు నీ కూతురు వేరే మనిషి అనుకున్నావు.

కూతురిగా మాత్రం అడుగుతాను. తప్పుకో అమ్మా. నువ్వు తప్పుకున్నంత మాత్రాన వార్డు దక్కదు. నాన్నా, ఆ ముసలావిడా, వాళ్ళంతా ఆ పూట ఇంట్లో ఉండిపోతారు, గొడుగు ఓడిపోతుంది, తాళం పడుతుంది. ఉన్నా పడుతుంది. మారేదల్లా ఎవరి వల్ల అని జనం అనుకునేదే. ఉంటే, ఇకమీదట బస్సులో ఏ పిల్లకి నొప్పులొచ్చినా నీ పేరు తలుస్తారు. కూరల కొట్టు దగ్గర, బస్టాండులో, నీ చేతుల మీద పుట్టినవాళ్ళే. నువ్వు నోరు తెరిచి చెప్పుకోలేవు, నీ తరఫున నేను చెప్పలేను, ఎందుకంటే ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టిందే నేను. తప్పుకుంటే ఆ వ్యాసం చెత్తబుట్టలోకి పోతుంది. వార్డు కోసం అడగట్లేదు. దాని మీద ఆశ వదులుకున్నాను. నిన్నయినా మిగుల్చుకుందామని అడుగుతున్నాను.

‘నేను తప్పుకుంటే ఆ వార్డు మాట ఎత్తేవాళ్ళెవరే?’ అంటావు. తెలుసు. ఎవరూ ఉండరు. లాయరు గారి పార్టీ ‘పునరాలోచిస్తాం’ అంటుంది, ఆలోచిస్తూనే ఉంటుంది.

ఈ ఉత్తరం చేరాక నీకు ఒక పూట ఉంటుంది, ఉపసంహరణకి శుక్రవారం మధ్యాహ్నం గడువు. నాకు జవాబు రాయకు. ఫోను కూడా చేయకు, నీ గొంతు వింటే ఉండమని చెప్పేస్తానేమో, నన్ను నేను నమ్మను. ఆ సాయంత్రం ఖరారైన అభ్యర్థుల జాబితా మా ఆఫీసుకి వస్తుంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేది నేనే. నీ పేరు ఉందో లేదో అందులో చూసుకుంటాను.

లేకపోతే, ఇంటికొస్తాను. నువ్వు తిట్టు, నేను వింటాను.

ఉంటే, ఫలితాల రోజు ఆ వాక్యం పత్రికకి పంపమంటారు. పంపుతాను అమ్మా. పంపనని చెప్పి లేచి రావాలని ఉంది, కానీ రాను, నా సంగతి నాకు తెలుసు. నేను పంపకపోతే స్వెటరమ్మ పంపుతుంది అనుకుంటాను, అనుకుని పంపేస్తాను. మర్నాడు పేపర్లో చదివినప్పుడు, ఎవరు రాశారో వెతకకుండా ఉంటావని ముందే రాస్తున్నాను.

ఇట్లు,
నీ అమ్మడు